నెత్తురు ఎరగని శిష్యుడు

మద్దిలేటి కిడ్నీ పనికిరాదని గురువారం పొద్దున పదకొండు గంటలకు తేలింది.

అంతవరకు అతనికి ఆ అనుమానమే రాలేదు. ముప్పై ఎనిమిదేళ్ల మనిషి. ఎమ్మిగనూరు డిపోలో ఆర్టీసీ బస్సు డ్రైవరు. బీడీ ముట్టడు, చుక్క ముట్టడు. పద్నాలుగేళ్లుగా సుంకమ్మగారి శిష్యుడు. అమ్మ నెత్తురూ తన నెత్తురూ ఒకే గ్రూపని తెలిసిన రోజునే, ఇక మిగిలింది కాగితాల పని మాత్రమే అనుకున్నాడు.

సుంకమ్మకు మఠం లేదు, కాషాయం లేదు. మగ్గం మీద చీరలు నేసుకుని బతికే మనిషి. సాయంత్రం మగ్గం దిగి, చేతులు కడుక్కుని ముందరి గదిలో కూర్చుంటే పదిమందో పదిహేనుమందో వచ్చి చుట్టూ చేరేవాళ్లు. ఆమె ఎక్కువ మాట్లాడేది కాదు. "రెండోది లేదు నాయనా. ఉందనుకుంటేనే భయం" అనేది. ఆ ఇంటి చదువంతా ఆ ఒక్క మాటే. కొత్తగా వచ్చినవాళ్లకు దాన్ని విడమరిచి చెప్పేది మద్దిలేటి. అమ్మ కన్నా అతనే బాగా చెప్తాడని కొందరనేవాళ్లు. ఆ మాట అతని చెవిన పడకపోలేదు.

ఏడాది కింద సుంకమ్మ కిడ్నీలు రెండూ పనిచేయడం మానేశాయి. వారానికి మూడుసార్లు కర్నూలు పోయి డయాలసిస్ చేయించుకోవాలి. మద్దిలేటి డ్యూటీలు మార్చుకుని ఒక్కసారి కూడా తప్పకుండా ఆమెను తీసుకుపోయాడు. ఆమె మంచినీళ్లు కూడా కొలుచుకుని తాగాల్సి వచ్చింది. చేయి బరువెత్తకూడదన్నారు కాబట్టి మగ్గం ఆగిపోయింది.

కిడ్నీ మార్చడం ఒక్కటే దారి అన్నారు. హైదరాబాదు ఆసుపత్రిలో మొదట పరీక్ష చేయించుకున్నది ఆమె ఒక్కగానొక్క కూతురు ఉరుకుందమ్మ. బళ్లారి నుంచి పరుగెత్తుకొచ్చింది. సరిపోలేదు. ఉరుకుందమ్మ ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని ఏడుస్తుంటే మద్దిలేటి ఆమెను ఓదార్చాడు. కానీ లోపలెక్కడో ఒక చిన్న సంతోషం కదిలింది. కన్నకూతురు కాలేనిది నేనవుతాను అనుకున్నాడు. ఆ సంతోషం తనకే సిగ్గనిపించి, దాన్ని గట్టిగా లోపలికి తొక్కేశాడు.

బంధువు కానివాడు కిడ్నీ ఇవ్వాలంటే కమిటీ ముందు నిలబడి చెప్పుకోవాలన్నారు. సరేనన్నాడు. పెళ్లాం ఒప్పుకోవాలన్నారు. ఆమె రెండు రోజులు అన్నం మానేసి, మూడో రోజు ఒప్పుకుంది. ఇంతలో ఈ పరీక్ష.

డాక్టరు మెహరున్నీసా ఓపిక ఉన్న మనిషి. కాగితం చేతికిచ్చి పంపెయ్యకుండా అతన్ని లేబరేటరీలోకి తీసుకుపోయింది.

"మీ నెత్తురులోంచి తెల్లకణాలు కొన్ని తీశాం. వాటికి సుంకమ్మగారి నెత్తురులోని నీటిభాగం కలిపాం. తర్వాత కొంచెం నీలిరంగు వేశాం. బతికున్న కణం రంగును లోపలికి రానివ్వదు. చచ్చిన కణంలోకి రంగు ఎక్కుతుంది. చూడండి."

మద్దిలేటి మైక్రోస్కోపు మీదికి వంగాడు. చూపు కుదరడానికి కాసేపు పట్టింది. కుదిరాక, కంటినిండా నీలం చుక్కలే కనిపించాయి.

"అన్నీ నావేనా?"

"అన్నీ మీవే."

"అమ్మ నెత్తురు చంపిందా వాటిని?"

"ప్రతి మనిషి కణాల మీద కొన్ని గుర్తులుంటాయి. మనవి కాని గుర్తులు కనబడితే, వాటిని పట్టుకోవడానికి ఒంట్లో యాంటీబాడీలు తయారవుతాయి. బతికింది ఒక్క కూతురే అయినా, సుంకమ్మగారికి మూడు కాన్పులయ్యాయి. కడుపులో ఉన్న బిడ్డ మీద సగం తండ్రి గుర్తులుంటాయి. ఆ మూడుసార్లూ ఆమె ఒళ్లు ఆ గుర్తుల్ని బయటివిగా నేర్చుకుంది. కాన్పులప్పుడు ఎవరెవరి నెత్తురో ఎక్కించారు, వాళ్ల గుర్తులూ నేర్చుకుంది. ఇన్నేళ్లయినా మరిచిపోలేదు. మీ కణాల మీద అలాంటి గుర్తులు ఉన్నాయి. మీ కిడ్నీ పెడితే, కుట్లు వేసేలోపే నల్లబడిపోతుంది."

"ఆ యాంటీబాడీల్ని తీసెయ్యలేరా?"

"కొందరికి నెత్తురు కడిగి తగ్గిస్తాం. ఈమెవి చాలా బలంగా ఉన్నాయి. నేను ఆ సాహసం చెయ్యను. ఆమెకు తోడబుట్టినవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఒకే తల్లికీ తండ్రికీ పుట్టినవాళ్లలో, నలుగురిలో ఒకరికి గుర్తులన్నీ అచ్చం ఒకేలా వచ్చే అవకాశం ఉంది. అలాంటి కిడ్నీని ఈ యాంటీబాడీలు పట్టుకోలేవు."

"ఎవరూ లేరు" అన్నాడు మద్దిలేటి. పద్నాలుగేళ్లలో ఆ ఇంటికి వచ్చిపోయే వాళ్లందరూ అతనికి తెలుసు. తోడబుట్టినవాళ్లెవరూ ఎప్పుడూ రాలేదు.

ఎమ్మిగనూరు చేరేసరికి సాయంత్రమయింది. సుంకమ్మ ఒంటరిగా కూర్చుని ఉంది. మద్దిలేటి కాళ్లు కూడా కడుక్కోకుండా ఎదురుగా కూలబడి, జరిగింది చెప్పాడు. చెప్పేటప్పుడు గొంతు గట్టిగానే ఉంది. చివరికి వచ్చేసరికి ఆగలేకపోయాడు.

"పద్నాలుగేళ్లమ్మా. రెండోది లేదని నువ్వు చెప్పినావు. నేను నమ్మినా, పదిమందికి చెప్పినా. నీ నెత్తురేమో నన్ను పరాయివాడంటోంది. ఏది నిజం?"

సుంకమ్మ అతని వైపు చూసింది. ఆమె ముఖం ఉబ్బి ఉంది. కళ్లు మాత్రం ఎప్పటిలానే నిదానంగా ఉన్నాయి.

"రేపు డ్యూటీ ఉందా?"

"లేదు. సెలవు పెట్టినా."

"ఆదోని పోయిరా. పత్తి యార్డు వెనక సందులో ఈరమ్మ అని జొన్నరొట్టెలు కాలుస్తుంది. నా చెల్లెలు. దాని చేతి రొట్టె ఒకటి తిని రా."

"నీకు చెల్లెలుందా?"

"ఉంది. మా అమ్మ మంచాన పడినప్పుడు నేను మా గురువు వెంట తిరుగుతా ఉంటి. కబురొచ్చింది. రేపు పోదాం, ఎల్లుండి పోదాం అనుకుంటి. నేను పోయేసరికి అమ్మ లేదు. అంతా అదొక్కతే చేసింది. ఇరవై ఏళ్లయింది, అది నాతో మాట్లాడి." సుంకమ్మ పైటతో ముఖం తుడుచుకుంది. "రెండోది లేదని ఊరికంతా చెప్తిని."

"కిడ్నీ సంగతి అడగమంటావా?"

"ఏమీ అడగొద్దు. రొట్టె తిని రా."

రాత్రంతా మద్దిలేటి ఆ మాటను అటూ ఇటూ తిప్పి చూశాడు. అడగొద్దంది అమ్మ. అడక్కపోతే అమ్మ బతకదు. తెల్లారేసరికి అతనొక నిర్ణయానికి వచ్చాడు. అడుగుతాను. అవసరమైతే కాళ్లు పట్టుకుంటాను. తర్వాత అమ్మ ఏమన్నా పడతాను.

ఆదోని పత్తి యార్డు వెనక సందులో హమాలీలు గోడవారగా కూర్చుని తింటున్నారు. రేకుల పంచ కింద రెండు పొయ్యిలు. ఒక్కతే ఆడమనిషి, యాభై ఏళ్లుంటాయి, పిండిముద్దను అరచేత్తో తట్టి పెనం మీద వేస్తోంది. భుజాలు అచ్చం అమ్మ భుజాలే.

"ఎన్ని?" అంది తలెత్తకుండా.

"ఒకటి చాలమ్మా" అంటూ మద్దిలేటి గోడవారగా కూర్చున్నాడు.

ఆ గొంతు విని ఆమె తలెత్తింది. అతని వైపు చాలాసేపు చూసింది. పెనం మీద రొట్టె మాడు వాసన వచ్చేదాకా చూసింది.

"నువ్వు సుంకమ్మ ఇంటి అరుగు మీద కూచునేవానివి కదా" అంది.

"అవునమ్మా. నన్ను యాడ చూసినారు?"

"యాడ చూసేది, అక్కడే. పది నెలలయింది. మంచి ఎండలో బస్సు దిగి నడిచొచ్చినా. నువ్వు అరుగు మీద ఉంటివి. 'అమ్మ పడుకుంది, ఈ పొద్దు ఎవర్నీ చూడదు, పోమ్మా పో' అన్నావు."

మద్దిలేటి గుర్తు తెచ్చుకోవాలని చూశాడు. గుర్తు రాలేదు. ఆ ఎండాకాలం అతను అలా వెనక్కి పంపినవాళ్లు ఒకరిద్దరు కాదు. డయాలసిస్ మొదలైన కొత్త. అమ్మ నీరసంగా ఉండేది. వచ్చేవాళ్లంతా ఏదో ఒక కష్టం మూట కట్టుకుని వచ్చేవాళ్లు. ఆమెను కాపాడుకోవడం తన పని అనుకున్నాడు.

"చెల్లెల్నని చెప్పాల్సిందమ్మా."

"అడిగితే కదా చెప్పేది." ఈరమ్మ మాడిన రొట్టె తీసి పక్కన పడేసింది. ఇంకో పిండిముద్ద తీసుకుంది. "దానికి ఒంట్లో బాగలేదని ఎవరో చెప్తే విన్నా. ఇరవై ఏళ్ల కోపం ఒక పూట పక్కన పెట్టి వచ్చినా. నువ్వు పొమ్మన్నాక, అదే అట్ల చెప్పించి ఉంటుందిలే అనుకొని పోయినా."

"ఆమె చెప్పించలేదు." మద్దిలేటి లేచి నిలబడ్డాడు. హమాలీలు తినడం ఆపి చూస్తున్నారు. "మీరు వచ్చినట్టే ఆమెకు తెలీదు. ఆ మాట నాది. తప్పంతా నాది."

రొట్టె కాలింది. ఈరమ్మ దాన్ని తట్టలో వేసి, పక్కన చెనక్కాయల పొడి, ఉల్లిగడ్డ పెట్టి అతని ముందుకు తోసింది.

"తిను. సల్లారితే నమలలేవు."

అతను తిన్నాడు. అడగాలని తెచ్చుకున్న మాటలన్నీ నోటిదాకా వచ్చి నిలిచిపోయాయి. ఏ ముఖం పెట్టుకుని అడుగుతాడు? అప్పటికి అర్థమయింది అతనికి, అమ్మ అడగొద్దన్నా, అనకపోయినా, తాను అడగలేడని.

"ఎట్లుంది ఇప్పుడు?" ఈరమ్మే అడిగింది, పొయ్యిలోకి చూస్తూ.

చెప్పాడు. వారానికి మూడుసార్లు, ప్రతిసారీ చేతికి రెండు లావు సూదులు. తాగడానికి గ్లాసులు కొలిచి ఇవ్వడం. ఉరుకుందమ్మది సరిపోలేదు. తనది సరిపోలేదు. అంతవరకు చెప్పి ఆగాడు.

ఈరమ్మ ఇంకో రెండు రొట్టెలు తట్టి కాల్చింది.

"నన్నడగడానికి వచ్చినావా?"

"లేదమ్మా. ఏమీ అడగొద్దని చెప్పి పంపింది. మీ చేతి రొట్టె తిని రమ్మనింది, అంతే."

"దానికి ఇంకా పొగరు తగ్గలేదు" అంది ఈరమ్మ. అతనికి ఇంకో రొట్టె వేసింది.

ఆ సాయంత్రం మద్దిలేటి సుంకమ్మ ముందు కూర్చుని అంతా చెప్పాడు. దాచుకోలేదు. మాటలు మెత్తన చెయ్యలేదు.

సుంకమ్మ వింటూ వింటూ ఒక చోట కళ్లు మూసుకుంది. అతను చెప్పడం అయిపోయాక కూడా తెరవలేదు.

"ఏం చీర కట్టుకొని ఉండె, అది ఇంటికొచ్చిన పొద్దు?"

"గుర్తు లేదమ్మా."

"చిక్కినట్టుండెనా?"

"నేను చూడలేదు."

చూడలేదన్న మాట తన నోట తానే విని అతను తల వంచుకున్నాడు. తిట్టు కోసం ఎదురుచూశాడు. అమ్మ తిట్టి ఉంటే బాగుండేది. ఈ ఇంటి గడప ఇక తొక్కొద్దని చెప్పినా బాగుండేది.

"ఏంటికి ఆపినావు?" అంది సుంకమ్మ చివరికి.

"నీ కోసమేనమ్మా. నీకు అలుపొస్తుందని. తెలియని మనిషని."

సుంకమ్మ ఎడమ చెయ్యి చాపింది. డయాలసిస్ కోసం మణికట్టు దగ్గర రెండు నరాలు కలిపి కుట్టిన చోటు తాడులాగా ఉబ్బి ఉంది. అతని కుడిచేతి వేళ్లు పట్టుకుని ఆ ఉబ్బు మీద పెట్టింది. చర్మం కింద నెత్తురు సుడి తిరుగుతూ గుర్రుమంటోంది. మద్దిలేటి ఏడాదిగా ఆ చేతికి కట్లు కట్టాడు, కట్లు విప్పాడు. దాన్ని ఎప్పుడూ తాకి చూడలేదు.

"ఈ నెత్తురు కూడా నా కోసమే నిన్ను ఆపింది" అంది సుంకమ్మ. "దీన్ని ఏమన్నా అన్నానా?"

అతను వేళ్లు తియ్యలేదు. ఆ రోజు గోష్ఠికి వచ్చినవాళ్లు గుమ్మం దగ్గరే నిలబడి, లోపలికి రావాలో వద్దో తెలియక, చప్పుడు చెయ్యకుండా బయట కూర్చున్నారు.

మూడో రోజు ఈరమ్మ వచ్చింది. ఒక గుడ్డసంచి, అందులో రెండు చీరలు. అరుగు మీద ఉన్న మద్దిలేటి లేచి నిలబడ్డాడు. ఆమె అతన్ని చూడనట్టే దాటి లోపలికి పోయింది.

అక్కచెల్లెళ్లు ఎదురెదురుగా కూర్చున్నారు. మద్దిలేటి నీళ్ల చెంబు పట్టుకుని గుమ్మంలో ఆగిపోయాడు.

"అమ్మ నన్ను అడిగిందా?" అంది సుంకమ్మ. ఇరవై ఏళ్ల తర్వాత ఆమె మాట్లాడిన మొదటి మాట అదే.

"అడిగింది. మూడు రోజులు అడిగింది. తర్వాత అడగలేదు."

సుంకమ్మ తల ఊపింది. తన గురువు పేరు చెప్పుకోలేదు. కర్మమనలేదు. "రావాల్సింది" అంది.

"రావాల్సింది" అంది ఈరమ్మ కూడా.

ఈరమ్మ అక్క చెయ్యి అందుకుని, సూది మచ్చలు ఒక్కొక్కటే చూసింది. "పరీక్షకు ఎప్పుడు పోవాల?" అంది.

"నేను నిన్ను అడగలేదు ఈరీ."

"నువ్వెప్పుడు అడిగినావు కనక. పొద్దున బస్సు ఉందా?" ఈ చివరి మాట మద్దిలేటి వైపు తిరిగి అంది.

"అయిదున్నరకు ఉందమ్మా" అన్నాడు అతను.

హైదరాబాదులో పరీక్షలు పది రోజులు నడిచాయి. ఈరమ్మ గుండె చూశారు, బీపీ చూశారు. ఒక డాక్టరు ఆమెను విడిగా కూర్చోబెట్టి, ఎవరైనా బలవంతం చేశారా అని అడిగాడు. "నన్ను బలవంతం చేసేవాడు ఆదోనిలో పుట్టలేదు" అందట.

చివరి పరీక్ష రోజు మద్దిలేటి లేబరేటరీ తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. డాక్టరు మెహరున్నీసా మైక్రోస్కోపు మీద నుంచి తలెత్తి, రమ్మన్నట్టు చెయ్యి ఊపింది.

ఈసారి చూపు వెంటనే కుదిరింది. ఎక్కడా నీలం లేదు. చిన్న చిన్న కణాలు, మంచుబొట్లలాగా తెల్లగా మెరుస్తున్నాయి.

"బతికున్నాయా?"

"అన్నీ బతికున్నాయి. గుర్తులన్నీ అక్కవే. యాంటీబాడీలకు పట్టుకోవడానికి ఏమీ దొరకలేదు."

అతను ఇంకోసారి చూస్తానన్నాడు. ఆమె చూడనిచ్చింది. ఆ తెల్లటి చుక్కల్ని చూస్తూ మద్దిలేటి తన మనసు తడిమి చూసుకున్నాడు. అసూయ ఉందేమోనని వెతికాడు. కొంచెం ఉంది. ఉన్నా సరే, కళ్లలో నీళ్లు వచ్చింది మాత్రం సంతోషానికే.

ఆపరేషన్ అయిదు గంటలు పట్టింది. సుంకమ్మ ఇంకా ఆపరేషన్ బల్ల మీద ఉండగానే కొత్త కిడ్నీ పని మొదలుపెట్టిందని చెప్పారు. ఈరమ్మ రెండో రోజుకే లేచి, గోడ పట్టుకుని నడిచి, అక్క గది అద్దం బయట నిలబడింది. నొప్పికి పెదవి కొరుక్కుంటూనే, "ఉచ్చ పోస్తా ఉందా?" అని నర్సును అడిగింది. బాగా పోస్తోందని నర్సు చెప్తే, "ఇంగ చాలు" అని వెనక్కి నడిచింది. వారం తిరగకముందే ఇంటికి పంపితే ఆదోని పోయింది. ఉంటానంటే సుంకమ్మ ఉండమనేదే. కానీ ఈరమ్మ ఉంటాననలేదు.

సుంకమ్మను ఇంటికి పంపేముందు డాక్టరు మద్దిలేటిని, ఉరుకుందమ్మను కూర్చోబెట్టి చెప్పింది. "మాత్రలు పొద్దున ఎనిమిదికి, సాయంత్రం ఎనిమిదికి. గంట కూడా అటూ ఇటూ కాకూడదు. ఈ మాత్రలు ఆమె ఒంట్లో కాపలావాళ్లను జోకొడతాయి. అప్పుడే కిడ్నీ నిలుస్తుంది. కానీ కాపలా నిద్రపోతే జలుబు కూడా పెద్ద జబ్బే. మూడు నెలలు జనాన్ని దగ్గరికి రానివ్వకండి."

ఇంటికి చేరిన మర్నాడే జనం వచ్చారు. అమ్మ బతికి వచ్చిందని నాలుగు ఊళ్లకు తెలిసిపోయింది. మద్దిలేటి ఇంటి వెనక పెరట్లో బట్టలు ఉడకబెడుతున్నాడు. సుంకమ్మ కిటికీలోంచి పిలిచింది.

"అరుగు మీద ఎవరూ లేరేంది?"

"ఉరుకుందమ్మను కూర్చోమన్నానమ్మా."

"దానికి అన్నం వండే పనుంది. నువ్వు పోయి కూచో."

మద్దిలేటి కదల్లేదు. "నన్ను ఆ అరుగు మీదికి పంపొద్దమ్మా. ఇంకే పనైనా చెప్పు. నేను ఆపితే ఏమైందో చూసినావు కదా."

"ఆపకపోతే నేను చస్తా" అంది సుంకమ్మ మామూలుగా. "పో. ఒక్కొక్కరి మొగం చూడు. పేరడుగు. ఏ పని మీద వచ్చినారో అడుగు. తర్వాత ఆపు."

అతను చేతులు తుడుచుకుని అరుగు మీదికి పోయాడు.

మొదట వచ్చింది గోనెగండ్ల నుంచి ఒక ముసలాయన. మద్దిలేటి లేచి ఎదురు పోయాడు. పేరు అడిగాడు. ఏ ఊరు, ఎప్పుడు బయల్దేరారు, తిన్నారా అని అడిగాడు. లోపలికి ఎందుకు పోకూడదో చెప్పాడు. ముసలాయన కిటికీ బయట నిలబడి దండం పెట్టుకుని పోయాడు. మద్దిలేటి ఆయన పేరూ ఊరూ ఒక నోటుపుస్తకంలో రాసి, సాయంత్రం అమ్మకు చదివి వినిపించాడు. ఆ రోజు పదిహేడు మంది. మూడు నెలల్లో మూడు నోటుపుస్తకాలు నిండాయి. ఒక్కరిని కూడా లోపలికి పంపలేదు. ఒక్కరు కూడా కోపంతో పోలేదనడం అబద్ధం. ఇద్దరు ముగ్గురు తిట్టే పోయారు. వాళ్ల పేర్లు కూడా రాశాడు.

ఈరమ్మ మాత్రం నెలకోసారి పరీక్షకు పోతూ ఇటు వచ్చేది. మూతికి గుడ్డ కట్టుకుని, చేతులు కడుక్కుని లోపలికి పోయి అక్క పక్కన కూర్చునేది. ఇద్దరూ పెద్దగా మాట్లాడుకునేవాళ్లు కాదు. ఒకసారి మాత్రం వాళ్లమ్మ పాడే ఒక దంపుడు పాటలో మూడో చరణం ఏమిటని గంటసేపు వాదులాడుకున్నారు.

మూడు నెలలు గడిచాక డాక్టరు అయిదారుగురిని రానివ్వొచ్చని చెప్పింది. ఆ సాయంత్రం మళ్లీ గోష్ఠి మొదలైంది. సుంకమ్మ ముఖంలో వాపు పోయింది. అందరిలాగే చెంబెత్తి నీళ్లు తాగుతోంది. వచ్చినవాళ్లలో ఒక కొత్తాయన, రెండోది లేదంటే ఏమిటి అని అడిగాడు. అందరూ అలవాటుగా మద్దిలేటి వైపు చూశారు.

చెప్పడానికి అతని దగ్గర ఇప్పుడు సిద్ధంగా మాటలేవీ లేవు.

ఎనిమిదయింది. అతను లేచి డబ్బాలోంచి మాత్రలు తీసి అమ్మ అరచేతిలో పెట్టాడు. పెడుతూ, చాలా రోజులుగా లోపల తిరుగుతున్నది అడిగేశాడు.

"అమ్మా, ఇచ్చింది నీ చెల్లెలు. గుర్తులన్నీ ఒకటే అన్నారు. ఆమె ఇష్టంగా ఇచ్చింది, నువ్వు ఇష్టంగా తీసుకున్నావు. ఇంకా ఈ మాత్రలేంటికి?"

"డాక్టరమ్మ ఏమనింది?"

"ఎంత ఒకేలా ఉన్నా, అది వేరే మనిషిదేనంట. మాకు కనబడని తేడాలు ఒంటికి కనబడతాయి అనింది."

సుంకమ్మ మాత్రలు నోట్లో వేసుకుంది. నీళ్లు తాగింది. చెంబు కింద పెట్టి, మూతి తుడుచుకుంది.

"నిజమే. ఒప్పుకున్నది నేను. ఒంటికి తెల్దు. దినమూ చెప్పాల."

"ఎన్నాళ్లు చెప్పాలమ్మా?"

"ఉన్నన్నాళ్లు" అంది సుంకమ్మ.